పడవవాడి ముఖం

అక్క రబ్బరు అచ్చులకు పౌడరు అద్దుతోంది. తమ్ముడు కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని, బొటనవేలంత పడవవాడి బొమ్మను భూతద్దం కింద తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఇద్దరికీ జుట్టు నెరిసింది గాని, మాటలు మాత్రం చిన్నప్పటి మాటలే.

"జ్వరమొచ్చిందని చెప్పు."

"ఎవరికి?"

"నీకేరా. రేపు పొద్దున్నే ఫోన్ చేసి, ఒళ్ళు కాలిపోతోంది, లేవలేకపోతున్నానని చెప్పు. బొమ్మల సంఘం వాళ్ళు ఇంటికొచ్చి నుదురు పట్టుకుని చూస్తారా ఏంటి?"

"చూస్తారు. ఆ అధ్యక్షుడి సంగతి నీకు తెలీదు. థర్మామీటరు జేబులో వేసుకుని మరీ వస్తాడు."

"అయితే చెయ్యి బెణికిందను."

"అక్కా, నేను వెళ్ళడం నీకెందుకిష్టం లేదు?"

"ఇష్టం లేదని ఎవరన్నారు? కంగారుగా ఉంది, అంతే. ముగ్గురు పెద్దమనుషులు ఎదురుగా కూర్చుని గుడ్లప్పగించి చూస్తుంటే ఎవడికైనా చెయ్యి ఆడుతుందా?"

"ఆడకపోతే పడవవాడు పోతాడు."

"పోతే పోనీ."

"వాడొక్కడే పోతాడా? ఎవరి బొమ్మో కాపీ కొట్టి అమ్ముకున్నామని సంఘంలోంచి గెంటేస్తారు. ప్రదర్శనల్లో మనకు బల్ల ఇవ్వరు. ఇక మన బొమ్మ కొనుక్కెళ్ళి రంగులేసుకునేవాడెవడు? లాంతరువాడు, చేపలమ్మి, ఈ అలమరలో నిలబడ్డ వాళ్ళందరూ రేపు సాయంత్రానికి దిక్కులేని వాళ్ళే."

"ఆ గళ్ళచొక్కావాడి చేతులు పడిపోను."

"తిడితే పోతాయా?"

"పోవు. తెలుసు. నాకు మంట అది కాదురా. ప్రదర్శనలో మన బల్ల దగ్గరికొచ్చి, పడవవాణ్ణి అరచేతిలో పెట్టుకుని, 'ఏం ముఖమండీ, ఎవరు చేశారు' అని ఎంత ముచ్చటగా అడిగాడని. దూది చుట్టి, డబ్బాలో పెట్టి, మెడ జాగ్రత్తండీ అని నా చేత్తో నేనే ఇచ్చాను. నేను దూది చుట్టిన బొమ్మనే తీసుకెళ్ళి అచ్చులు తీసుకున్నాడు."

"అందరూ అట్లాగే తీస్తారు."

"అడిగి ఉంటే ఇచ్చేవాళ్ళమేమో. అడగలేదు చూడు, అక్కడ కాలుతుంది నాకు. సొమ్మొకడిది, సోకొకడిది."

"సోకుతో ఆగాడా? సొమ్ము కూడా తనదేనంటున్నాడు. తన బొమ్మ చూసి మనమే పోత పోశామట."

"పోత మీద పోత తీస్తే బొమ్మ వెంట్రుకవాసి చిన్నదవుతుంది కదరా. అచ్చులు పోసేదాన్ని, నాకు తెలీదా? రెండూ పక్కపక్కన పెట్టి కొలిస్తే ఎవడు దొంగో తేలిపోదూ?"

"కొలిచారు."

"మరి?"

"మనదే చిన్నదిగా తేలింది."

"అదెట్లా?"

"మన బొమ్మని మిషన్లో పెట్టి కొలతలు లాగాడు. ఒక పిసరు పెంచి, కొత్త బొమ్మ అచ్చేసి, దాన్నుంచి పోతలు పోశాడు. ఇప్పుడు లెక్క ప్రకారం పెద్దది వాడిది, చిన్నది మనది. దొంగలం మనం."

"పుట్టీతో చేసిన అసలు బొమ్మ ఉండుంటే..."

"ఉండదుగా."

"నా చేతుల్లోనే విరిగిందిరా. మొదటి అచ్చులోంచి లాగుతుంటే మెడ దగ్గర పుటుక్కుమంది. మిగతాది నలిగిపోయింది."

"ప్రతి బొమ్మకీ అంతేగా అక్కా. నిన్నెవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే అనుకుంటున్నాను. మరి ఫోటోలు? నువ్వు పని చేస్తూ తీసుకుంటావుగా?"

"అవీ చూపించాను. తీగ వంచింది, కోటు తొడిగింది, చేతిలో తెడ్డు పెట్టింది, అన్నీ ఉన్నాయి. ముఖం దగ్గరకొచ్చేసరికి ఒక ఫోటోలో ఉత్త ఉండ ఉంది, తర్వాత దాంట్లో ముఖమంతా పూర్తయి ఉంది. మధ్యలో ఒక్కటీ లేదు. 'మధ్యలోది ఏదండీ' అని అడిగారు."

"ఏం చెప్పావు?"

"పనిలో పడితే ఫోటోలు గుర్తుంటాయా అన్నాను."

"అవును. గుర్తుండవు. ఎవరికీ గుర్తుండవు."

"గళ్ళచొక్కావాడు నవ్వాడు."

"నవ్వుతాడు. నవ్వకేం చేస్తాడు."

"అందుకే ఈ పరీక్ష. చేసినవాడైతే మళ్ళీ చెయ్యగలడన్నారు. ఇద్దరికీ చెరో పుట్టీ ముద్ద ఇస్తారు. వాళ్ళ కళ్ళ ముందే పడవవాడి ముఖం చెయ్యాలి."

"గళ్ళచొక్కావాడికి పని వచ్చా?"

"వాడికి పుట్టీకీ పిండికీ తేడా తెలీదు. జీతానికి పెట్టుకున్న శిల్పి ఉన్నాడు. అతనొచ్చి కూర్చుంటాడు. ఆ ఒక్క ముఖాన్నే రోజూ చేస్తున్నాడట, పాఠం అప్పజెప్పినట్టు."

"ఎవరతను?"

"ఎవరికి తెలుసు? డబ్బాల మీద గళ్ళచొక్కా పేరే ఉంటుంది."

"పాపం."

"వాడి మీద జాలెందుకు?"

"ఏమోరా. ఊరికే."

"అక్కా, ఇటు రా. ఈ ఎడమ రెప్ప చూడు. కొంచెం వాలింది కదా."

"ఆ."

"ముందు కంటి గుడ్డు పెట్టి, తర్వాత రెప్ప వాల్చానా? లేక ముందు రెప్పేనా?"

"నన్నడుగుతావేం?"

"ఇంకెవర్నడగను? ఇంట్లో ఉన్నది ఇద్దరం."

"రెప్పే ముందు."

"అవునా?"

"అంటే... ఎవరైనా అట్లాగే చేస్తారుగా."

"నేను గుడ్డు ముందు పెడతానక్కా. ఎప్పుడూ."

"అయితే అట్లాగే పెట్టుంటావు. నాకేం తెలుసు, అచ్చులు పోసేదాన్ని."

"కింది పెదవి చూశావా, ఇప్పుడే నాలికతో తడుపుకున్నట్టుంది. ఇంత నునుపెట్లా వచ్చిందో గుర్తు రావడం లేదు. దేంతో రుద్దాను?"

"ఉమ్మితో."

"ఉమ్మితోనా?"

"నీకలవాటేగా."

"నేను నీళ్ళు వాడతాను."

"ఒకసారెప్పుడో నీళ్ళు అయిపోయుంటాయి. పోలీసువాడిలా ఆ ప్రశ్నలేంట్రా? అచ్చులు ఆరిపోతున్నాయి నాకు."

"అచ్చులు ఆరవుగా అక్కా. అవి రబ్బరువి."

"సరేలే."

"ఒకసారి చేసి చూస్తానుండు. రెప్ప ముందు, ఉమ్మి. ఇదిగో... ఆ... ఇప్పుడు చూడు."

"బాగానే ఉంది."

"ఇది ముఖమా, ఆలుగడ్డా?"

"వెలుతురు సరిగ్గా లేదు."

"కిటికీ నిండా ఎండ ఉంది."

"అదే, ఎండ ఎక్కువైంది. అయినా నువ్వు టీ కూడా ఎక్కువ తాగుతున్నావీ మధ్య."

"టీకీ దీనికీ ఏంటి?"

"ఏం లేదు. చెయ్యి..."

"చెయ్యికేమైంది?"

"ఏం కాలేదు."

"చెప్పు."

"వణుకుతోందిరా."

"ఇవాళేగా?"

"ఇవాళ కాదు నాయనా. చాన్నాళ్ళైంది. టీ గ్లాసు సగం నింపి ఇస్తున్నానెందుకనుకున్నావు? పిసినారితనం అనుకున్నావా?"

"అనుకున్నాను."

"నువ్వు రేపు వెళ్ళొద్దురా. నా మాట విను. ఎందుకని అడక్కు."

"ఎందుకు?"

"అడగొద్దన్నానా?"

"పుస్తెలమ్ముకున్నట్టు మొహం పెట్టి అడగొద్దంటే ఎట్లా? చెప్పు."

"ఆ ముఖం నువ్వు చెయ్యలేదు. విన్నావా?"

"విన్నాను."

"పడవవాడి ముఖం నేను చేశాను."

"ఊఁ."

"ఊఁ ఏంటిరా? తిట్టు. ఏదైనా విసురు. ఆ గిన్నె వద్దు, దాంట్లో పోతకు కలిపిన రెసిన్ ఉంది. ఇంకేదైనా విసురు."

"ఎప్పుడు చేశావు?"

"నువ్వు మధ్యాహ్నం టీకి వెళ్తావు కదా. దుమ్ము పడకుండా బొమ్మ మీద గాజు గ్లాసు బోర్లించి వెళ్తావు. ఆ గ్లాసు ఎత్తేదాన్ని. కుట్టుసూది ఒకటి విరిగితే పుల్లకి గుచ్చి పెట్టుకున్నాను. దాంతో రెప్ప కొంచెం, పెదవి కొంచెం... సరిచేసి మళ్ళీ గ్లాసు బోర్లించేదాన్ని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. నువ్వొచ్చి భూతద్దంలో చూసి, 'పొద్దున అనుకున్నదానికన్నా బాగానే వచ్చిందక్కా' అనేవాడివి. నాకు నవ్వొచ్చేది. అటు తిరిగి అచ్చు కడుక్కుంటూ ఏడ్చేదాన్ని."

"పడవవాడొక్కడేనా? లాంతరువాడు?"

"వాడితోనే మొదలు."

"చేపలమ్మి?"

"ఆమె ముక్కు నీదే."

"ముక్కొక్కటేనా?"

"మంచి ముక్కురా. దాన్ని నేను ముట్టుకోలేదు."

"ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదు."

"ఎట్లా చెప్పను? నీ చెయ్యి పోయిందిరా అని నీ మొహం మీద అననా? రోషగాడివి. ఆ మర్నాడే పనిముట్లన్నీ మూటగట్టి అటకెక్కించేసేవాడివి. మొదట్లో కొంచెమే చేద్దామనుకున్నాను. అప్పట్లో నీకొచ్చిన జ్వరం తగ్గితే చెయ్యి కుదురుకుంటుందనుకున్నాను. కుదురుకోలేదు. తర్వాత తర్వాత నువ్వు మరీ మొరటుగా వదిలేసి వెళ్ళేవాడివి. పడవవాడికైతే ముక్కు కూడా పెట్టలేదు. ఉండ పెట్టేసి వెళ్ళిపోయావు. కళ్ళు అలిసిపోతున్నాయి పాపం అనుకున్నాను."

"అలిసిపోయేవి."

"టీ కొట్లో కూర్చుంటే పొద్దుపోయేదాకా లేచేవాడివి కాదు."

"కబుర్లలో పడేవాణ్ణి."

"నా అదృష్టం అనుకునేదాన్ని. త్వరగా వచ్చేస్తే ఏం చెప్పాలో రోజుకో అబద్ధం తయారుగా పెట్టుకునేదాన్ని. ఒక్కటీ అవసరం పడలేదు. సూది కూడా మంచిది దొరికిందిరా. పుట్టీ గీకితే నీ ఇనప పనిముట్లు ఊరికే మొండిపడతాయి, గరుకు కాగితం ముందేసుకుని కూర్చుంటావు. నా సూది మాత్రం ఇన్నేళ్ళైనా కొన్న రోజులాగే ఉంది. ఎప్పటి ఉక్కో."

"మంచి ఉక్కే అయ్యుంటుంది."

"గళ్ళచొక్కావాణ్ణి తిడుతుంటే నాకు దొంగకు తేలు కుట్టినట్టుండేది. వాడికీ నాకూ తేడా ఏంటి చెప్పు? నీ బొమ్మ మీద నిన్నడక్కుండా చెయ్యి వేశాను."

"తేడా ఉంది."

"ఏంటి?"

"వాడు పేరు మార్చాడు. నువ్వు నా పేరే ఉంచావు."

"పేరు నాకెందుకురా, నెత్తిన పెట్టుకోనా? నిజం చెప్తున్నా, నాకు పేరు మీద ఆశ లేదు. కానీ ఒక్కోసారి అనిపించేది. ఈ ముఖం ఎవరు చేశారని ఎవరైనా నన్నడిగితే బాగుండునని. అడిగినవాడు ఆ గళ్ళచొక్కావాడొక్కడే. చూశావా ఖర్మ. అడిగినవాడే ఎత్తుకుపోయాడు."

"నువ్వేం చెప్పావు వాడితో?"

"నీ వైపు చెయ్యి చూపించాను. నువ్వు తలొంచుకుని నవ్వావు."

"అక్కా, అది ఎవరి ముఖం?"

"పడవవాడిది."

"అది కాదు. ఎవర్ని చూసి చేశావు?"

"నిన్నే."

"నన్నా?"

"పండు ముసలాడివైతే ఎట్లా ఉంటావో అనుకుని చేశాను. ఆ రెప్ప నీదేరా. చిన్నప్పుడు నా ఒళ్ళో పడుకుని, నిద్ర రావట్లేదు, ఇంకో కథ చెప్పమని గొడవ చేసేవాడివి. నువ్వు గొడవ చేస్తుంటేనే ఎడమ కన్ను ముందు మూసుకుపోయేది."

"నాకు తెలీదది. నిజంగా తెలీదు."

"ఎవడి నిద్ర వాడికెట్లా కనబడుతుంది?"

"ఇప్పుడు నా ముసలి మొహాన్ని ఊరూరా పోత పోస్తున్నాడన్నమాట."

"దాన్నే సాక్ష్యంగా చూపిద్దామా సంఘానికి? ఇదిగో, మా వాడి మొహమేనండీ అని?"

"నాకు ఆ మొహం వచ్చేదాకా వాళ్ళు ఆగరక్కా."

"నువ్వు నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?"

"ఏమో."

"నేనొస్తాను రేపు. నేను కూర్చుంటాను. ముగ్గురు కాదు, ముప్ఫై మంది చూడనీ. ఆ ముఖం నాకు కళ్ళు మూసుకున్నా వస్తుంది."

"వస్తుంది. వచ్చాక?"

"పడవవాడు మనవాడవుతాడు."

"తర్వాత మొదటి ప్రశ్న ఏమడుగుతారో తెలుసా? ఈమె చేస్తే, డబ్బా మీద పేరున్న ఈయనెవరు? లాంతరువాడికిచ్చిన బహుమతి ఎవరిది? పేపరువాళ్ళకు ఫోటో దిగినప్పుడు ఈయన చేతిలో ఉన్నదెవరి బొమ్మ? గళ్ళచొక్కా దొంగే, కాదనలేడు. కానీ పక్కన ఇంకో దొంగను నిలబెట్టి చూపిస్తాడు."

"నీకు తెలిసి చేశావా ఏంటి? తెలీకుండా జరిగితే దొంగతనమెట్లా అవుతుంది? తప్పంతా నాదని చెప్తాను."

"వద్దు."

"ఎందుకొద్దు? మా తమ్ముడికి ఏ పాపమూ తెలీదండీ, నేనే దొంగచాటుగా చేశానని చెప్తాను. ఒట్టేసి చెప్తాను."

"ఒట్టు వెయ్యకక్కా."

"నువ్వు కూర్చుంటే?"

"రాదు. చూశావుగా ఆలుగడ్డ."

"ఎవరం వెళ్ళకపోతే?"

"వాడిదే అవుతుంది."

"ఎటు పోయినా గోడేనా?"

"గోడే. నాకు నేర్పు."

"ఏంటి?"

"ముఖం. ఈ ఒక్క ముఖం. సాయంత్రం లోపు."

"పిచ్చాడా. వణికే చేతికి ఏం నేర్పను? కారే కుండలో నీళ్ళు పొయ్యమంటావు."

"నాకు వేరే దారి లేదక్కా."

"నాకు మాత్రం ఉందా? ఒక్కటే బాధరా. చెప్తే కోప్పడవుగా?"

"కోప్పడను."

"నీకు తెలిసుంటే నేను ఇంకోలా ఉండేదాన్నేమో. ఈ బల్ల దగ్గరే నీ పక్కన కుర్చీ వేసుకుని, ఈ కిటికీ వెలుతుర్లో చేసేదాన్ని. ఒక చెవి తలుపు వైపు పెట్టి, అడుగుల చప్పుడైతే సగం రెప్పతో వదిలేసి పారిపోకుండా. ఇన్నేళ్ళలో ఒక్క ముఖం కూడా భయం లేకుండా చెయ్యలేదురా నేను. నీకు తెలియనివ్వకపోవడం నా తప్పే. నన్ను క్షమించు. క్షమించానని ఒక్క మాట అనరాదూ?"

"అట్లా అడక్కక్కా. నీకు పుణ్యముంటుంది."

"సరే. అనకపోతే పోనీ. అటు జరుగు. రెప్ప నుంచి మొదలుపెడతాను, చూడు. రేపు నీ చెయ్యి ఎటూ మాట వినదు. వాళ్ళు అడిగితే ఏది ముందో ఏది తర్వాతో నోటితోనైనా చెప్పు."

"ఓడిపోతాం కదా."

"ఓడిపోతాం. మన పడవవాడు అసలు ఎట్లా పుట్టాడో నీకు తెలిసి ఓడిపోదాం. ఉండు, నా సూది తెచ్చుకుంటాను. నీ కంట పడని చోట దాచాను."

"నువ్వు కూర్చో. ఆ మోకాళ్ళతో కింది అర దాకా ఏం వంగుతావు. పాత పౌడరు డబ్బాలోనేగా, నేను తీస్తాను."

"పౌడరు డబ్బాలో ఉందని నీకెవరు చెప్పారు?"

"ఇదిగో. మొన జాగ్రత్తక్కా, గుచ్చుకుంటుంది. నిన్ననే మళ్ళీ సానబెట్టాను."